సుత్తెయు నిద్రయు: జనగామ సీమలో రాత్రి పని చప్పుళ్ల చరిత్ర

హైదరాబాదునుండి ఓరుగంటికి పోవు రాజమార్గమున, జనగామ పట్టణమునకు కొద్ది మైళ్ల ఇవతల, పెంబర్తి యను గ్రామము కలదు. ఇత్తడి రేకును ఉలితోను సుత్తెతోను మలచి దేవతామూర్తులను, తోరణములను, కలశములను, ధ్వజస్తంభపు తొడుగులను నిర్మించు విశ్వకర్మల యూరుగా అది దేశప్రసిద్ధము. తమ విద్య కాకతీయుల కాలమునాటిదని ఆ వృత్తివారి పరంపర చెప్పుచున్నది. నైజాము ప్రభువుల కాలమున పాన్‌దానులును అత్తరుదానులును చేసి అమీరుల లోగిళ్లకు పంపినవియు ఆ చేతులే. ఈ కళను గూర్చి వ్రాసినవారు పలువురు కలరు గాని, ఈ కళ పుట్టించు చప్పుడును గూర్చి వ్రాసినవారు అరుదు. పలుచని ఇత్తడి రేకు జన్మతః గంటకు చుట్టము. దానిని వట్టి బండమీద నుంచి కొట్టినచో ఆ దెబ్బ వీధి దాటి యూరి చివరవరకు వినవచ్చును. పెంబర్తి పనివాడు నకాషీ తీయునపుడు అట్లు కొట్టడు. వేడిచేసిన లక్కముద్దను పరచి, దానిపై రేకును అదిమి, ఆ మెత్తని యాధారముపై ఉలి నడుపును. రేకు చిరుగక లోతు తీయుటకు లక్క కావలెను; అదే అతని యుద్దేశము. ఆ లక్కయే రేకును మ్రోగనీయక నాదమును మింగివేయుట అడుగకయే లభించిన ఫలము. రేకును సాగగొట్టునపుడును పెద్ద పాత్రలను వంచునపుడును చప్పుడు తప్పదు గాని, పనిలో పెద్దభాగము ఈ లక్కమీదనే జరుగును. మా సీమలో పని చప్పుడును అణచిన తొలి సాధన మేదియని యెవరైన నన్నడిగినచో, నేను చట్టపుస్తకమును చూపక ఆ లక్కముద్దనే చూపుదును.

సుత్తెకును నిద్రకును గల వైరము మనకు మాత్రమే సొంతము కాదు. ఇటలీ దక్షిణతీరమున గ్రీకులు కాపురమున్న సైబరిస్ అను పురాతన నగరమందు, భోగులైన పౌరుల నిద్రకు భంగము కలుగకుండ కమ్మరులను, వడ్రంగులను, ఆ కోవకు చెందిన చప్పుడు వృత్తులవారిని నగరములో పని చేయనీయలేదనియు, తుదకు కోడిపుంజును పెంచుటను గూడ నిషేధించిరనియు గ్రీకు రచయిత ఎథెనియసు వ్రాసియున్నాడు. కోడి సంగతి అతిశయోక్తి కావచ్చును. కొలిమి సంగతి నమ్మదగినది. వెనీసు నగరమున కథ తలక్రిందయ్యెను. వృత్తిరోగములను గూర్చి తొలుత శాస్త్రీయముగ వ్రాసిన రామజ్జీని అను ఇటలీ వైద్యుడు, అచ్చట రాగిపనివారు ఒకే పేటలో చేరి దినమెల్ల రాగిని బాదుచుండగా ఇతరులందరు ఆ పేటను విడిచి పారిపోయిరనియు, ఆ పనివారు వయసు మీరునాటికి పూర్తిగ చెవిటివా రగుచుండిరనియు పదునెనిమిదవ శతాబ్దారంభమున తెలిపెను. ఒకచోట నిద్రించువారు పనివానిని వెడలగొట్టిరి. మరియొకచోట పనివాడే నిద్రించువారిని వెడలగొట్టెను. ఈ రెంటిలో ఏదియు న్యాయమని చెప్పజాలము. రామజ్జీని మాటలలో నన్ను పట్టి నిలిపినది మాత్రము వేరొకటి: చప్పుడువలన మొదట చెడునది పొరుగువాని నిద్ర కాదు, పనివాని చెవి.

మన దేశమున కౌటిల్యుడు ఈ విషయమును రెండు తావుల స్పృశించెను. ఇండ్ల కట్టడమును గూర్చిన వివాదములను చెప్పుచు, తిరుగలిని, దంపుడు సాధనమును పొరుగువాని గోడకు ఇంచుక ఎడముగ నిలుపవలెనని విధించెను. కారణ మతడు చెప్పలేదు గాని, గోడ యదరునని గాని చెవి యదరునని గాని ఊహింప వచ్చును. రెండవది నగరరక్షకుని ప్రకరణము. చీకటి పడిన పిమ్మట ఆరు నాలికలకు ఒకమారును, తెల్లవారుటకు ఆరు నాలికలు ముందుగ ఒకమారును తూర్యము మ్రోయింపవలెననియు, ఆ నడుమ జనులు తిరుగాడరాదనియు అందు గలదు. నాలిక యనగా 24 నిమిషములు. కావున ఆ నిషేధకాలము మన గడియారములో ఇంచుమించు రాత్రి తొమ్మిది గంటలకు మొదలై వేకువ మూడున్నర దాటినంతనే ముగియును. నేటి చట్టము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అని నిర్ణయించినది. రెండువేల యేండ్లకు పైబడిన వ్యవధిలో రాత్రి ఆలస్యముగ మొదలై ఆలస్యముగ ముగియుట నేర్చినదన్నమాట. కౌటిల్యుని చింత దొంగలను గూర్చి. మన చింత యంత్రములను గూర్చి.

జనగామ, మానుకోట (మహబూబాబాదు), భూపాలపల్లి సీమల పాత పల్లెలలో రాత్రిపూట కట్టడపు పని చప్పుడు అనునది లేనేలేదు. దానికి నియమము కారణము కాదు, చీకటి కారణము. ఆముదపు దీపపు వెలుగున రాయి చెక్కుట గాని గోడ మట్టము చూచుట గాని సాధ్యము కాదు. వడ్డెరల సుత్తెలు, డంగు సున్నము నూరు గానుగ, కంసాలి సుత్తె, సాలె మగ్గము అన్నియు ప్రొద్దుతోడనే మేల్కొని ప్రొద్దుతోడనే మూగవోయెడివి. అట్లని రాత్రి నిశ్శబ్దముగ నుండెడిదని భ్రమపడరాదు. తొలికోడి కూయకముందే ఇల్లిల్లునను తిరుగలి తిరిగెడిది, రోకలి పడెడిది. వెన్నెల రాత్రులందును వేకువజామునను మోట కొట్టెడివాని పాట బావిగట్టునుండి వినవచ్చెడిది. ఇక బీరప్ప కథయో మల్లన్న కథయో చెప్పించిననాడు ఒగ్గు డోలు తెల్లవార్లు మ్రోగవలసినదే. ఆ ఒగ్గుకథకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చిన చుక్క సత్తయ్య ఈ జనగామ సీమలోని మాణిక్యాపురమువాడే. ఆ డోలు చప్పుడునకు నిద్ర చెడెనని తగవు పెట్టినవాడు పల్లెలో ఉండడు. ఏలయన నిద్రించువాడే యుండడు, ఊరంతయు కథయొద్దనే యుండును. చప్పుడు బాధయగుట దాని పెద్దతనమువలన మాత్రమే కాదు. అది తనది కానపుడు బాధ యగును. ఈ భేదము చట్టమునకు తెలియదు, ధ్వనిమాపకమునకు అసలే తెలియదు. నిద్ర లేచిన మనుష్యునికి తెలియును.

ఆ పల్లె రాత్రిని అతిగ కీర్తించుటకు నాకు మనసొప్పదు. దొరల గడీలు ఈ సీమయందే దట్టముగ నుండినవి. గడీ గోడ లేచునపుడు వడ్రంగికి, కమ్మరికి, వడ్డెరకు, మట్టి మోయువానికి వేళాపాళా యనునవి లేవు. వెట్టి యనగా పిలుపు వచ్చిన క్షణమే పనివేళ. తలుపు తట్టి సుంకరి పిలిచిన రాత్రి నిద్ర చెడినది ఇరుగుపొరుగువారికి కాదు, పనికి పోవలసిన వానికి. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటమునకు భూమియు వెట్టియు ప్రధాన హేతువులని చరిత్రకారులు చెప్పుదురు. తన రాత్రి తనది కావలెనను కోరికయు ఆ వెట్టిలోనే యిమిడి యున్నదని నేను చేర్తును. రాత్రిపూట ఎవడు ఎవనిని మేల్కొల్పగలడు అను ప్రశ్న ఎన్నడును అధికారప్రశ్నయే.

యంత్రము ఈ సీమకు ఇనుపదారివెంట వచ్చెను. నైజాము రైలుమార్గము 1880 దశకమున సికింద్రాబాదునుండి తూర్పునకు సాగి, జనగామ, కాజీపేట, మహబూబాబాదు, డోర్నకల్లుల మీదుగ 1889 నాటికి బెజవాడ చేరెను. దానిని తొందరపెట్టినది ముఖ్యముగ ఇల్లెందు బొగ్గు. రైలు కూత పల్లెలకు గడియారమైనది. రాత్రి యనునది పనికి విరామమను భావము మొదట చెదరినది రైలుస్టేషనులందే. పిదప బొగ్గు. 1920లో సింగరేణి కాలరీసు అను పేరు ధరించిన సంస్థ ఉత్తరముగ విస్తరించి, ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో భూపాలపల్లి యడవులకు వచ్చెను. కాకతీయ ఖనులని పేరుగన్న ఆ గనులయందు దినము మూడు షిఫ్టులు. గని సైరను కూసిన మూడు వేళలకు ఊరు మూడుమార్లు మేల్కొనును. సమీపమున చెల్పూరువద్ద కాకతీయ తాపవిద్యుత్కేంద్రము వెలసెను. రాత్రియును పగలును ఒకే తీరున నడచు కర్మాగారముల మధ్య పుట్టి పెరిగిన పట్టణ మది; అచ్చట నిశ్శబ్దమును గూర్చి మాట్లాడుట జనగామలో మాట్లాడుటవంటిది కాదు. ఈ సంగతికి మరల వత్తును.

ఇంటి కట్టడము రాత్రిలోనికి చొరబడినది విద్యుద్దీపముతోడను సిమెంటుతోడను. సున్నపు గోడ ఓర్పు గలది. ఈనాడు విడిచినచోటునుండి రేపు అందుకొనవచ్చును. కాంక్రీటునకు ఓర్పు లేదు. నీరు తగిలిన కొద్ది గంటలకే గట్టిపడ మొదలిడును. ఒక భాగము గట్టిపడిన పిదప ప్రక్క భాగమును పోసినచో ఆ రెంటి నడుమ అతుకు బలహీనపడి, వాననీరు దిగుటకు దారి యిచ్చును. అందుచేత స్లాబు పోయ మొదలిడిన మేస్త్రీ దానిని ముగింపకుండ ఆపుటకు ఇచ్చగింపడు. ఉదయము కంకర రాక ఆలస్యమైనను, మిల్లరు చెడినను, కూలీలు తక్కువైనను ఆ లోటంతయు రాత్రిమీద పడును. పదిగంటలు దాటిన పిదప గూడ మిల్లరు తిరుగును, వైబ్రేటరు గొణుగును. ఎండకాలమున మరియొక కారణము కలదు. జనగామ ఎండలో మధ్యాహ్నము పోసిన కాంక్రీటు తడి త్వరగ ఆరి బీటలు వారును, ఇనుపచువ్వ చేతి కంటరాదు. కూలివాని ప్రాణమే గండములో పడును. ఎండదెబ్బ తప్పించుకొనుటకు సాయంత్రము మొదలిడి రాత్రి పనిచేయు కూలివానిని నిందించుట నావలన కాదు. టైల్సు కోయు యంత్రముతో అర్ధరాత్రి పని చేయించు యజమానికి మాత్రము ఈ రెండు సమర్థనలలో ఏదియు చెల్లదు; పలక రేపటివరకు వేచియుండును.

అయినను ఈ మెట్టసీమకు సొంతమైన రాత్రి చప్పు డేదన్నచో అది స్లాబు కాదు, బోరు. కరవుకు పేరుపడిన జనగామలో భూగర్భము గట్టి నల్లసేనపు రాయి. చెరువు లెండి, బావు లడుగంటి, మోట మూలబడిన పిమ్మట రైతుయొక్క ఆశ అంతయు నాలుగైదు వందల యడుగుల క్రిందికి దిగెను. తమిళనాడులోని తిరుచెంగోడునుండి బయలుదేరి దేశమెల్ల తిరుగు బోరుబండ్లు ఈ సీమయందు చిరపరిచితములు. బండిపైనున్న కంప్రెసరు వత్తిన గాలి గొట్టముగుండ దిగి, రంధ్రపు అడుగుననున్న సుత్తెను రాతిమీద ఎడతెగక బాదును; పొడి పైకి చిమ్మును. పెంబర్తి సుత్తెకు క్రింద లక్క యున్నది. ఈ సుత్తెకు క్రింద నున్నది వట్టి రాయి. బండికి అద్దె అడుగుల లెక్కన. నిలిచియున్న బండి యజమానికి నష్టము. ఎండకాలమున బండి దొరకుటయే కష్టము కావున వచ్చిన వేళయే ముహూర్తము. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టము బోరు వేయుటకు ముందు అనుమతి పొందవలెనని విధించెను. అనుమతి లేని బోరునకు చీకటి అనుకూలము. పొలములో వేసిన బోరు ఎవరి నిద్రను పెద్దగ చెరుపదు. ఆ బండియే పట్టణపు ఇరుకు సందులోనికి వచ్చినపుడు తొట్టెలోని శిశువునకును మంచముపట్టిన వృద్ధునకును ఆ రాత్రి లేనట్లే. నీటికొరకు పడు తపన ముందు నిద్ర చిన్నదని వాదించువారు కలరు. రెండు గంటల ఆలస్యముచేత భూమిలోని నీరు పారిపోదు.

చట్టము ఆలస్యముగ వచ్చినది. 1860 నాటి శిక్షాస్మృతియందు ప్రజోపద్రవ మను నేరము ఉండెను గాని, నైజాము సంస్థానమున ఆ స్మృతి అమలులో లేకుండెను. సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప 1951లో గాని అది ఇచ్చటికి విస్తరింపలేదు. 1981 నాటి వాయుకాలుష్య చట్టమునందు 1987 సవరణచే ధ్వనియు వాయుకాలుష్యకారకముగ చేరెను. పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 2000 సంవత్సరము ఫిబ్రవరి 14న ధ్వనికాలుష్య నియమములు వెలువడి, నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదనియు, ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్లవరకు నిశ్శబ్దమండల మనియు, అచ్చట పగలు 50, రాత్రి 40 మాత్రమే యనియు నిర్ణయించెను. పది డెసిబెళ్ల పెరుగుదల యనగా ధ్వనితీవ్రత పదిరెట్లగుట. ఆ పది సంఖ్య చూచుటకు చిన్నది, వినుటకు కాదు. 2005 జులై 18న సర్వోన్నత న్యాయస్థానము తన ప్రసిద్ధ తీర్పునందు, వినుటకు ఇష్టపడనివానిని బలవంతముగ వినిపించు హక్కు ఎవనికిని లేదని స్పష్టపరచెను. అయినను ఆ దినములలో అందరి దృష్టియు మైకులమీదను బాణసంచామీదను ఉండెను. కట్టడపు యంత్రమును పేర్కొని నిషేధించినది 2010 జనవరి నాటి సవరణ: నివాసప్రాంతములందును నిశ్శబ్దమండలములందును రాత్రివేళ, అనగా 10 గంటలనుండి 6 గంటలవరకు, ధ్వని చేయు నిర్మాణయంత్రములను వాడరాదు. అదే నియమము హారనుకు ప్రజాపత్సమయమున మినహాయింపు నిచ్చినది, నిర్మాణయంత్రమునకు ఈయలేదు. స్లాబు ముగియలేదను మాట చట్టము ముందు చెల్లదన్నమాట.

ఆచరణలో మినహాయింపు లెట్లు పుట్టునో చరిత్ర చూపుచున్నది. జూలియస్ సీజరు పేర నడచిన శాసనము రోమునగరమున పగటివేళ బండ్లను నిషేధించుచు, దేవాలయములు మొదలగు ప్రజానిర్మాణములకు సామగ్రి తెచ్చు బండ్లను మాత్రము విడిచిపెట్టెను. తక్కిన బండ్లన్నియు రాత్రికి మరలి, రోములో నిద్రపట్టుటకు ధనికుడై యుండవలెనని కవులు వాపోవునంతటి రొద చేసెను. పగలు భారవాహనములను నగరములోనికి రానీయక రాత్రి వదలు హైదరాబాదు నగరపు రద్దీ నియమము నేడు అదే ఫలము నిచ్చుచున్నది; కాంక్రీటు లారీలు రాత్రియే వచ్చును గనుక స్లాబులు రాత్రియే పడును. ఒక చట్టము పగటిని కాపాడుచు రాత్రిని మరియొక చట్టముమీదికి నెట్టుట ఇట్లే జరుగును. మా సీమలో రాజ్యము తలపెట్టిన మహానిర్మాణమునకు ఉదాహరణ మేడిగడ్డ. 2016 మే 2న శంకుస్థాపన జరిగిన కాళేశ్వరపు పనులలో భాగముగ గోదావరిపై 85 గేట్ల ఆ బ్యారేజిని రేయింబవళ్లు కట్టి 2019 జూన్ 21న ప్రారంభించిరి. అది నివాసప్రాంతము కానందున నియమమునకు వెలుపలిది. అప్పటి పొగడ్తలలో ‘రాత్రింబవళ్లు’ అను మాటయే ముందు వరుసలో నుండెను. 2023 అక్టోబరు 21న అందు కొన్ని స్తంభములు కుంగినవి. ఆ కారణములను తేల్చుట విచారణసంఘముల పని, నా విషయము కాదు. రాత్రి పనిని మెచ్చుకొనుట మాత్రము మన భాషలో ఎంత అలవాటో అది తెలుపుచున్నది. ఇల్లు కట్టువాడును ఆ మెప్పునే కోరును.

ఇక భూపాలపల్లి. రాత్రి షిఫ్టు ముగించుకొని గనినుండి తెల్లవారి ఇల్లు చేరిన కార్మికునికి రాత్రి యనునది ఉదయము ఎనిమిదింటికి మొదలగును. అతడు పండుకొనిన వేళ ప్రక్క యింటిలో గోడ పగులగొట్టు బ్రేకరు మ్రోగినచో చట్టమున కది పగటి పని, తప్పు కాదు. బొగ్గు తీసి రాష్ట్రమునకు దీపము వెలిగించువాడు ఆ నియమముచేత కాపాడబడని వాడయ్యెను. చట్టము గడియారమును చూచి రాత్రిని నిర్ణయించినది, నిద్రించువానిని చూడలేదు. ఈ లోపమును ఢిల్లీలో సవరింపవలసిన పని లేదు. షిఫ్టు కార్మికులు నివసించు కాలనీలలో గోడలు పగులగొట్టుట, రాయి కోయుట మొదలగు తీవ్రధ్వని పనులను మధ్యాహ్నము రెండింటి పిమ్మటనే చేయవలెనని పురపాలక సంఘము తన అనుమతిపత్రములో ఒక వాక్యము చేర్చినచో చాలును.

జనగామలోను మానుకోటలోను అట్టి వాక్యమే కావలెను. ఇల్లు కట్టుకొనుటకు ఇచ్చు అనుమతిపత్రముపై ‘రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు యంత్రములు నడుపరాదు’ అని తెలుగున పెద్దయక్షరములతో ముద్రింపవలెను. మేస్త్రీకి చదివి వినిపింపవలెను. పెద్ద స్లాబును ఒక్కదినమున ముగింపజాలనివారు, ఇంజనీరు సూచించినచోట జోడింపు నిలిపి రెండు దినములుగ పోయవచ్చును, అది శాస్త్రసమ్మతమే. పాఠకులకు ఒక మాట. ధ్వని ఇన్ని డెసిబెళ్లని నిరూపించిన గాని ఫిర్యాదు చెల్లదని పలువురు నమ్ముచున్నారు, అది పొరపాటు. రాత్రివేళ నిషేధమును అతిక్రమించుటయే ఫిర్యాదునకు చాలిన కారణమని ధ్వనికాలుష్య నియమములలో ఏడవది చెప్పుచున్నది. వినవలసిన అధికారి జిల్లా కలెక్టరో, పోలీసు కమిషనరో, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారియో అయియుండును. మొదట ప్రక్కయింటికి పోయి సౌమ్యముగ అడుగుడు. వినకున్నచో పోలీసులకు ఫోను చేయుడు, మరునాడు కాగితముమీద వ్రాసి యిచ్చి రసీదు పొందుడు.